మెట్ల కింద చోటు మాకొద్దు: కొత్త బిల్డింగులు కట్టేవాళ్ళకు ఒక బహిరంగ లేఖ

కొత్తగా కాలేజీ బ్లాకులు, ఆస్పత్రులు కడుతున్న యాజమాన్యాలకు, వాళ్ళ ఆర్కిటెక్టులకు, సైటు ఇంజనీర్లకు,

నమస్కారం.

పదిహేడేళ్ళుగా నెట్‌వర్క్ ర్యాకులు బిగించడమే నా పని. ర్యాకంటే స్విచ్చులు, సర్వర్లు పెట్టే ఇనుప బీరువా, స్విచ్చంటే లైటు స్విచ్చు కాదు, బిల్డింగులో కంప్యూటర్లన్నిటినీ కలిపి నెట్టు పంచే పెట్టె. ఉండేది గుంటూరులో, శ్రీకాకుళం నుంచి ఖమ్మం దాకా ఎక్కడ పని ఉంటే అక్కడికి వెళ్తాను. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసేపు నిలబడింది ఎక్కడయ్యా అంటే మీ మెట్ల కింద. నిలబడింది అనకూడదు, నడుం వంచింది అనాలి. బిల్డింగంతా కట్టేసి, రంగులేసి, పైన స్టీలు అక్షరాలతో పేరు కూడా బిగించేశాక, ఇక దేనికీ పనికిరాని మూల ఏది మిగిలిందో చూసి "ఆ నెట్టు డబ్బా అక్కడ పెట్టించండి" అంటారు చూడండి, ఆ మాట అన్నవాళ్ళందరికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది.

ఫోన్ ఎప్పుడూ ఒకేలా వస్తుంది. "గురువారం ప్రారంభోత్సవం సార్, సోమవారం వచ్చి స్విచ్చులు పెట్టేసి వెళ్ళండి, రూము రెడీగా ఉంది." రెడీ అంటే ఏమిటో చెప్తాను. ఒక ఆస్పత్రిలో, ఊరూ పేరూ ఎందుకులెండి, వాచ్‌మన్ తాళం తీస్తే లోపల రెండు చీపుళ్ళు, ఫినాయిల్ డబ్బాలు, చక్రం ఊడిన స్ట్రెచర్ ఒకటి, ఎమ్మెల్యేగారి ఫ్లెక్సీ చుట్ట, గోడకి వేలాడుతూ ఒక 6 ఆంపియర్ల సాకెట్. నేను తెచ్చింది 42యూ ర్యాక్. తలుపు రెండున్నర అడుగులు. ర్యాకును పడుకోబెట్టి, తలుపులు ఊడదీసి, నలుగురం చెమటలు కక్కుతూ లోపలికైతే జరిపాం. నిలబెడదామంటే పైన మెట్ల వాలు తగిలింది. సైటు ఇంజనీరు కాసేపు అటూ ఇటూ చూసి "కొంచెం పైన కోసేద్దామా అండీ" అన్నాడు. ర్యాకునా మెట్లనా అని నేను అడగలేదు.

ఈ 'యూ' అనేది ఏమిటో మీలో చాలామంది ఒక్కసారైనా అడగరు కాబట్టి చెప్తున్నాను. ర్యాకులో ఎత్తును కొలిచే లెక్క అది. ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు, అంటే అంగుళం ముప్పావు. 42యూ అంటే లోపలి కొలతే దాదాపు 1.87 మీటర్లు, కింద కాళ్ళూ పైన కప్పూ కలుపుకుంటే రెండు మీటర్లు దాటుతుంది. అట్టపెట్టె, కింద చెక్క పలకలతో సహా వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ, మీ లిఫ్టు తలుపులోంచి పట్టదు. సామాన్లు బిగించే పట్టీల వెడల్పు 19 అంగుళాలు, ఇది ప్రపంచమంతా ఒకటే. బయటి వెడల్పు మాత్రం 600 లేక 800 మిల్లీమీటర్లు, లోతు ఒక మీటరు, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువ. ఇక్కడే అసలు లెక్క తప్పుతారు. ర్యాకు పట్టే చోటు చూస్తారు గానీ ర్యాకు దగ్గర మనిషి పట్టే చోటు చూడరు. ముందు నుంచి ఒక సర్వరును పట్టాల మీద బయటికి లాగాలంటే మీటరు పైచిలుకు ఖాళీ కావాలి, వెనక కరెంటు తీగలూ కేబుళ్ళూ పెట్టే మనిషికి ఇంకో మీటరు కావాలి. ఒక్క ర్యాకుకే పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగుల గది అయింది. గోడకి ఆనించి పెట్టమంటారు, సరే పెడతాం. ఆర్నెల్లకి వెనక ఒక ప్లగ్గు వదులైతే అంత బరువైన ర్యాకును ముందుకు జరపాలి, జరిపితే పైనుంచి దిగిన కేబుళ్ళు లాగుకుంటాయి, అప్పుడు ఒక ప్లగ్గు కోసం ఒక ఫ్లోరంతా ఆగుతుంది.

అన్ని చోట్లా గదే కావాలని మొండికేయడం లేదు. ఒక్కో ఫ్లోరుకి పెట్టే చిన్న 6యూ, 9యూ గోడ పెట్టెలు వరండాలో అయినా బతుకుతాయి, మనిషి తల తగలకుండా, వాన జల్లు పడకుండా ఉంటే చాలు. నా గొడవంతా ఆ బిల్డింగు మొత్తానికి మూలమైన ఒక్క గది గురించి.

ఇప్పుడు ఎర్తింగు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి.

అదే ఆస్పత్రిలో చివరికి 27యూ ర్యాకు తెప్పించి, స్విచ్చులెక్కించి, కరెంటిచ్చాం. మా కుర్రాడు ర్యాకుకి సామాను బిగించే కేజ్ నట్టు ఒకటి కింద పడిందని వంగి, లేస్తూ ర్యాకు తలుపు పట్టుకుని, చెయ్యి పాము కరిచినట్టు వెనక్కి లాక్కున్నాడు. "జిల్లుమంటోంది అన్నా." మీటరు పెట్టి చూశాను. ర్యాకు ఇనుముకీ, న్యూట్రల్‌కీ మధ్య 96 వోల్టులు. సాకెట్టు విప్పితే పచ్చ తీగ ఉంది, శుభ్రంగా మడిచి, దాని మీద నల్ల టేపు చుట్టి, వెనక పెట్టెలోకి తోసేసి ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఏ మాత్రం తొణక్కుండా "ఎర్తు లిఫ్టుకీ ఎక్స్‌రే మిషనుకీ ఇచ్చాం సార్, కంప్యూటరు సాకెట్లకి దేనికిలే అనుకున్నాం" అన్నాడు.

దేనికంటే, స్విచ్చుల్లో సర్వర్లలో కరెంటును మార్చే పవర్ సప్లై ఉంటుంది కదా, అందులో చిన్న ఫిల్టరు ఉంటుంది. తీగల్లో వచ్చే చెత్తను ఎప్పటికప్పుడు ఎర్తులోకి వదిలేయడం దాని పని. ఎర్తు తీగ ఎక్కడికీ పోకపోతే ఆ చెత్తకి దారి లేదు, పెట్టె ఇనుము మీదే నిలబడిపోతుంది. ఒక్క పెట్టెకి వచ్చేది చిన్న కరెంటే, జిల్లుమని ఊరుకుంటుంది. ఒక ర్యాకులో పది పెట్టెలుంటే పదింటిదీ కలిసి ఒకే ఇనుము మీదికి వస్తుంది. ఇక నిజంగా ఏదైనా లోపల ఫేజు తీగ తెగి పెట్టెకి తగిలితే కరెంటు ఆపడానికి బోర్డులో ఉండే ఎంసీబీ పడిపోవాలి కదా, ఎర్తు లేకపోతే అది పడదు, పట్టుకున్న మనిషి పడిపోతాడు.

ఆ రోజు ఎర్తు గుంత ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలియదు. మేస్త్రికి మాత్రం గుర్తుంది: వెనక కాంపౌండు గోడ పక్కన. వెళ్ళి చూస్తే దాని మీద పార్కింగ్ టైల్స్ పరిచేశారు! పలుగుతో నాలుగు టైల్స్ లేపి, మూత తీసి చూస్తే ఉప్పూ బొగ్గూ వేసిన పాతకాలపు గుంతే, మట్టి ఎండి బీటలు వారింది. అలాంటి గుంతకి ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయాలి, టైల్స్ వేశాక ఎవరు పోస్తారు? మన దేశంలో ఎర్తింగుకి ఐఎస్ 3043 అని ఒక ప్రమాణమే ఉంది, మీ ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు సంతకం పెట్టే కాయితాల్లో ఆ నంబరు కూడా ఉంటుంది. నేను అడిగేది అంత పెద్దదేమీ కాదు. ఎర్తు గుంత నుంచి ర్యాకు గదిలోకి ఒక రాగి పట్టీ తెచ్చి గోడకి బిగించండి. సాకెట్టులో న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య మీటరు పెడితే రెండు మూడు వోల్టులు మించకూడదు. అంతే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య కొందరు తెలివైనవాళ్ళు కంప్యూటర్లకి అని వేరే గుంత తవ్వించి, దాన్ని బిల్డింగు ఎర్తుతో కలపకుండా విడిగా ఉంచుతున్నారు. వద్దు. గుంతలెన్నున్నా అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలితో వచ్చే ఉరుముల వాన మీకు తెలుసుగా. దగ్గర్లో పిడుగు పడితే ఈ గుంతకీ ఆ గుంతకీ మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడా మా కేబుల్లోంచే దారి చూసుకుంటుంది. రెండు బ్లాకుల మధ్య చెట్టు మీంచి రాగి కేబుల్ లాగిన ఒక కాలేజీలో ఒక్క వానకి స్విచ్చుల్లో కేబుళ్ళు గుచ్చే పోర్టులు పదకొండు పోయాయి. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య ఫైబరే వేయండి. గాజు తీగ లోంచి పిడుగు రాదు.

దుమ్ము సంగతి. ప్రారంభోత్సవానికి మూడు రోజుల ముందు పిలుస్తారు కాబట్టి మేం పెట్టెలు విప్పేటప్పుడు పక్క గదిలో లప్పం గీకుతూ ఉంటారు. ఆ తెల్ల పొడి చూశారా, గాల్లో తేలుతూ ఉంటుంది, కనురెప్పల మీద కూడా కూర్చుంటుంది. స్విచ్చులో ఫ్యాన్లు ఆ గాలినే లోపలికి లాగుతాయి. ఫైబరు సంగతైతే చెప్పక్కర్లేదు. మనిషి వెంట్రుక ఇంచుమించు 70 మైక్రాన్ల మందం అనుకుంటే, సింగిల్ మోడ్ ఫైబరులో వెలుగు వెళ్ళే దారి 9 మైక్రాన్లు. లప్పం పొడి రేణువు ఒక్కటి దాని నోటికి అడ్డం పడితే లింకు వస్తూ పోతూ ఉంటుంది, మీరు "నెట్ స్లోగా ఉంది, మీరేదో నాసిరకం సామాను వేశారు" అంటారు. ఒకసారి ఇద్దరం కలిసి రాత్రి రెండింటి దాకా ఒక్కో కొన తుడుచుకుంటూ కూర్చున్నాం. నేను అడిగేదల్లా ఆ ఒక్క గదికి మాత్రం అన్నిటికన్నా ముందు రంగు పూర్తిచేసి, నేల తుడిచి, తలుపు పెట్టి, తాళం వేసి ఉంచమని. మిగతా బిల్డింగు మీ ఇష్టం.

ఏసీ. ర్యాకులో ఎన్ని వాట్లు కాలుతున్నాయో దాదాపు అంతా వేడి కిందే తేలుతుంది. ఒక టన్ను ఏసీ సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోడుతుంది. మీ ర్యాకు రెండు కిలోవాట్లే అయితే కాగితం మీద ఒక టన్ను చాలు, కానీ పల్నాడులో, రామగుండంలో మే నెల కాగితం మీద రాదు. పైగా ఆ ఏసీ మీ చైర్మన్‌గారి గదిలో ఏసీలా రోజుకి ఎనిమిది గంటలు కాదు, రాత్రీ పగలూ తిరగాలి. అందుకే ఒకటి కాదు రెండు పెట్టి, వంతులవారీగా తిరిగేలా టైమరు పెట్టించండి. ఏసీని సరిగ్గా ర్యాకు నెత్తిన బిగించొద్దు, దాని డ్రెయిను పైపు మూసుకుపోయిన రోజు నీళ్ళు చుక్కచుక్కగా ఎక్కడ పడతాయో మీరే ఆలోచించండి. పై ఫ్లోరులో సరిగ్గా ఆ గది మీద బాత్రూము పెట్టడం కూడా అంతే.

కరెంటు పోయి వస్తే తనంతట తాను ఆన్ అయ్యే ఏసీ తీసుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఒక కాలేజీలో శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ మీద, తర్వాత జనరేటరు మీద స్విచ్చులు నడుస్తూనే ఉన్నాయి, కరెంటు వచ్చింది, ఏసీ మాత్రం రాలేదు. రిమోటు ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ గారి సొరుగులో ఉంది, సొరుగుకి తాళం, తాళంచెవి ఆయన జేబులో, ఆయన తిరుపతిలో. ఆదివారం సాయంత్రం నన్ను పిలిస్తే వెళ్ళి తలుపు తీశాను, మొహం మీద కొట్టింది వేడి, అట్లపెనం మీద వంగినట్టు. మిగతా స్విచ్చులన్నీ వచ్చి కలిసే కోర్ స్విచ్ తనంతట తానే ఆగిపోయి ఉంది, 45 డిగ్రీలు దాటితే మామూలు స్విచ్చుల కంపెనీలు పూచీ పడవు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆన్‌లైన్ పరీక్ష. ఆ రాత్రి వాళ్ళ టెన్షన్ నాకెందుకు పట్టాలి, అయినా పట్టింది.

స్విచ్చులు సరే, చల్లారాక మళ్ళీ లేస్తాయి. యూపీఎస్ బ్యాటరీలు లేవవు. వాటి ఆయుష్షు 25 డిగ్రీల లెక్కన రాస్తారు, గది ఇంకో పది డిగ్రీలు ఎక్కువుంటే ఆ ఆయుష్షు సగానికి పడిపోతుంది. నాలుగేళ్ళు రావలసినవి రెండేళ్ళకే పొట్ట ఉబ్బి కూర్చుంటే బ్యాటరీ కంపెనీని తిడతారు.

పైపుల గురించి రెండు ముక్కలు. ఒక అంగుళం పైపులో క్యాట్ 6 కేబుళ్ళు, అంటే నెట్టుకి వేసే రాగి కేబుళ్ళు, హాయిగా పట్టేవి ఐదు, మీరు ఇరవై నాలుగు లాగమంటారు. స్లాబు పోసేశాక గోడకి గాడి కొట్టడం మొదలుపెడతారు, అందులో కరెంటు తీగలూ మా కేబుళ్ళూ ఒకే గాడిలో వేసేస్తారు. దయచేసి వద్దు. దూరం కూడా చూసుకోండి: గోడలో స్థిరంగా ఉండే కేబుల్ 90 మీటర్లు, రెండు కొసల్లో పెట్టెలకి గుచ్చే పొట్టి తీగలకి, ప్యాచ్ కార్డులంటాం, ఇంకో పది, మొత్తం వంద, అంతకు మించితే గ్యారంటీ లేదు. డ్రాయింగు మీద స్కేలు పెడితే 70 మీటర్లే కనిపిస్తుంది, కేబుల్ మాత్రం సీలింగుకి ఎక్కి, దూలం చుట్టి, మలుపు తిరిగి, కిందికి దిగేసరికి 104 అవుతుంది. అందుకే ఆ గది బిల్డింగుకి ఒక కొసన కాకుండా నడిమధ్యన ఉండాలి, ఫ్లోరు మీద ఫ్లోరు ఒకే వరసలో ఉంటే ఇంకా మంచిది.

ఇక వాస్తు. నాకు వాస్తుతో గొడవ లేదండి, మా ఇల్లు కూడా చూపించే కట్టుకున్నాను. కానీ బరువు నైరుతిలో ఉండాలని యూపీఎస్, బ్యాటరీలు, ర్యాకులు అన్నీ నైరుతి గదిలో పెట్టిస్తారు, మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండంతా పడేది ఆ గోడ మీదే, దానికి తోడు వెలుతురు కోసమని పెద్ద అద్దాల కిటికీ! మా గదికి వెలుతురు అక్కర్లేదు, కిటికీ అసలే వద్దు. నిప్పుకి ఆగ్నేయం అంటారు కాబట్టి కరెంటు ప్యానెల్ అక్కడ పెడతారు, అది బాగానే ఉంది, మా గది కూడా దాని దగ్గర్లోనే చూడండి. సిద్ధాంతిగారిని, ఎలక్ట్రికల్ ఇంజనీరుని ఒకే రోజు పిలిపించి ఎదురెదురుగా కూర్చోబెట్టండి. నేను చూసినంతలో సిద్ధాంతులే తొందరగా సర్దుకుంటారు.

పూజ చేస్తే కాదనను. ప్రారంభోత్సవం రోజు ర్యాకుకి బొట్టు పెట్టండి, దండ వేయండి. కొబ్బరికాయ మాత్రం గడప బయట కొట్టండి. దసరాకి ఒకచోట ఆయుధపూజ చేసి స్విచ్చు ముందు భాగమంతా పసుపు కుంకుమ చల్లారు, పోర్టుల్లోంచి కుంకుమ బ్రష్షుతో దులపడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ తర్వాత పెట్టిన నైవేద్యానికి చీమలొచ్చాయి, చీమలకి బల్లులొచ్చాయి. ఎలుకల సంగతి వేరే చెప్పాలా, కేబుల్ దిగే ప్రతి కన్నాన్నీ మూసేయించండి.

మా నాన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్‌మన్. చిన్నప్పుడు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే చెప్పులు బయట విడిస్తేనే లోపలికి రానిచ్చేవారు. ఎర్తు గుంత పక్కన గోడ మీద పెయింటుతో కొలిచిన తేదీ, ఎర్తు నిరోధం ఎన్ని ఓములో రాసి ఉండేది. 1984లో మొదలైన ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ సి-డాట్ వాళ్ళు పల్లెటూళ్ళ కోసం చేసిన చిన్న ఎక్స్ఛేంజీని ఏసీ లేకుండా మన ఎండల్లో, మన దుమ్ములో నడిచేలా తయారుచేశారు, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. అలా మొండిగా బతకడానికి చేసిన యంత్రం ఉన్న చోట కూడా చెప్పులు బయటే. ఇప్పుడు లక్షలు పోసి కొన్న స్విచ్చుల పక్కన తడి మాపు కర్ర ఆనిస్తున్నారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఒక్కటే. ప్లాను గీసేటప్పుడు, పునాది తీయకముందు, మాలాంటివాళ్ళని ఒక్క గంట పిలవండి. ఎక్కడ గది, తలుపెంత, పైపులెన్ని, ఎర్తు పట్టీ ఎటు నుంచి వస్తుంది, ఏసీ నీళ్ళు ఎటు పోతాయి, ఇదంతా ఒక కాయితం మీద పట్టే పని. శంకుస్థాపనకి పిలిచే జనంలో ఒక మనిషి ఎక్కువైతే మీకు ఖర్చేమీ కాదు, టీ ఇస్తే చాలు. ప్రారంభోత్సవానికి పిలవకపోయినా ఏమీ అనుకోను.

తెనాలి దారిలో ఒక కొత్త బ్లాకు లేస్తోంది, మొన్న బస్సులోంచి చూశాను, మొదటి స్లాబుకి సెంట్రింగ్ కొడుతున్నారు, మెట్లు ఇంకా పోయలేదు. మీది అదే అయితే వచ్చే ఆదివారం నాకు ఖాళీ. టేపు, మీటరు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ మెట్ల కింద పదిహేడేళ్ళుగా తల బొప్పి కట్టించుకుంటున్న
ఒక ర్యాకుల మనిషి, గుంటూరు